రాబర్ట్ హుడ్: ‘మినిమల్ నేషన్’ చేసినోడే ‘ఫ్లోర్‌ప్లాన్’ కూడానా? ఏ వరుసలో వినాలి?

హంటర్‌రోడ్_రాత్రి
ఎవరైనా కొంచెం దారి చూపించండి. టెక్నో (మెషీన్లతో చేసే డ్యాన్స్ సంగీతం) వినడం ఈ మధ్యే మొదలుపెట్టా. ఎవరిని అడిగినా మినిమల్ (అతి తక్కువ సౌండ్లతో చేసే టెక్నో) అంటే రాబర్ట్ హుడ్, రాబర్ట్ హుడ్ అంటే ‘మినిమల్ నేషన్’ అన్నారు. సరే అని ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చున్నా. ఒక డ్రమ్ము, ఒక కీబోర్డు ముక్క, మళ్లీ అదే డ్రమ్ము, మళ్లీ అదే ముక్క. ఇప్పుడేదో వస్తుంది, ఇప్పుడేదో వస్తుంది అనుకుంటుండగానే ట్రాక్ అయిపోయింది. స్పీకర్‌లో పెడితే మా అక్క పక్క గదిలోంచి వచ్చి "ఏందిరా, ఫోన్ హ్యాంగయిందా?" అంది.

తర్వాత ఇంకెక్కడో ఫ్లోర్‌ప్లాన్ అనే పేరుతో ‘నెవర్ గ్రో ఓల్డ్’ తగిలింది. చర్చిలో పాడే పాట, ఆడమనిషి గొంతు, కింద దంచి కొట్టే డ్రమ్ము. ఒళ్లు ఝల్లుమంది. ఎవరబ్బా అని చూస్తే మళ్లీ రాబర్ట్ హుడ్డే! ఇంకా తవ్వితే మోనోబాక్స్ అంట, ‘నైట్‌టైమ్ వరల్డ్’ అంట, దాంట్లో జాజ్ లాంటిదేదో ఉంది. ఒక్క మనిషికి ఇన్ని పేర్లెందుకు? ఇందులో అసలు హుడ్ ఎవరు? ‘మినిమల్ నేషన్’ బోర్ కొట్టిందంటే తప్పు నాదా, ఆయనదా?

కాజీపేట_జంక్షన్
తప్పు ఫోన్‌ది. అక్క చెప్పింది కదా.

నల్లరికార్డు
అసలు, నకిలీ అని ఏం లేదు తమ్మీ. ఆయన కథ మొదటి నుంచి చూస్తే కొంచెం అర్థమవుతుంది.

హుడ్ అమెరికాలోని డెట్రాయిట్‌లో 1965లో పుట్టాడు. తొంభైల మొదట్లో మైక్ బ్యాంక్స్, జెఫ్ మిల్స్‌తో కలిసి అండర్‌గ్రౌండ్ రెసిస్టెన్స్ అనే బృందంలో ఉన్నాడు. అప్పుడు వాళ్లు చేసింది మినిమల్ కానే కాదు, కోపంతో ఊగిపోయే సంగీతం అది. ముగ్గురూ ఎక్స్-101 పేరుతో చేసిన రికార్డే 1991లో బెర్లిన్‌లోని ట్రెసర్ లేబుల్‌కి (లేబుల్ అంటే రికార్డులు విడుదల చేసే కంపెనీ) మొట్టమొదటి విడుదల. ట్రెసర్ అంటే క్లబ్ కూడా, మూతపడ్డ ఒక పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్ కింద డబ్బు దాచే గదుల్లో పెట్టారు. మరుసటి ఏడు ఎక్స్-102 పేరుతో శని గ్రహం వలయాల మీద ఏకంగా ఒక ఆల్బమే చేశారు. అంటే పేర్లు మార్చడం ఆయనకి అప్పటి నుంచే అలవాటు, ఆ ఊళ్లో అందరికీ అలవాటే.

తర్వాత మిల్స్, హుడ్ ఇద్దరూ ఆ బృందం నుంచి బయటికొచ్చారు. మిల్స్‌కి యాక్సిస్ లేబుల్ ఉంది, హుడ్ 1994లో ఎం-ప్లాంట్ పెట్టుకున్నాడు. ‘ఇంటర్నల్ ఎంపైర్’, ‘మినిమల్ నేషన్’ రెండూ ఆ ఏడాదే వచ్చాయి. ఒకటి ట్రెసర్ నుంచి, ఇంకోటి యాక్సిస్ నుంచి. అప్పటికి యూరప్ రేవ్‌లలో (రాత్రంతా నడిచే డ్యాన్స్ పార్టీల్లో) వేగం పెరిగిపోయింది, ఒకదాని మీద ఒకటి సౌండ్లు పేర్చడమే పనైంది. హుడ్ ఉల్టా నడిచాడు. ఉన్నవి ఒక్కొక్కటే తీసేస్తూ పోయి, ఇంకొక్కటి తీస్తే ట్రాక్ కూలిపోతుంది అన్న చోట ఆగాడు. నువ్వు విన్నది అది. అందుకే నీకు ఏమీ జరగనట్టు అనిపించింది.

నా మాట వింటే ‘మినిమల్ నేషన్’ పక్కన పెట్టి ‘ఇంటర్నల్ ఎంపైర్’లో ‘మైనస్’ అనే ట్రాక్ విను. అది నచ్చకపోతే అప్పుడు మాట్లాడుకుందాం.

హంటర్‌రోడ్_రాత్రి
@నల్లరికార్డు ‘మైనస్’ అంటే రిచీ హాటిన్ అనే ఇంకో టెక్నో ఆయన లేబుల్ కదన్నా?

నల్లరికార్డు
అది లేబుల్, 1998లో పెట్టాడు. ఇది ట్రాక్, నాలుగేళ్లు ముందుది. దీనికీ దానికీ ముడిపెట్టకు. హాటిన్, డేనియల్ బెల్ వీళ్లంతా కూడా అదే కాలంలో ఆ పక్కనే ఇదే పని చేస్తున్నారనేది మాత్రం నిజం. బెల్‌ది డీబీఎక్స్ పేరుతో ‘లూజింగ్ కంట్రోల్’ ఉంటుంది, అదీ 1994దే. అది వింటే మీ అక్క ఈసారి ఫోన్ పగలగొడుతుంది.

తొమ్మిదొందల_తొమ్మిది
బోర్ కొట్టడం గురించి నేను చెప్తా, ఎందుకంటే నేను ఇంట్లో ఇవి చేస్తుంటా, వినే వాళ్లందరూ ఇదే అంటారు.

ఈ ట్రాకుల్లో ‘తర్వాత ఏం వస్తుంది’ అని చూస్తే ఏమీ రాదు. ‘ఇప్పుడున్నది ఎట్లా కదులుతోంది’ అని చూడాలి. ఒక పని చెయ్. ‘మైనస్’ పెట్టి డ్రమ్ము వదిలెయ్, ఆ తిరుగుతూ ఉండే సింథ్ (సౌండ్ పుట్టించే కీబోర్డు మెషీన్) గీత ఒక్కటే పట్టుకో. మొదట్లో అది మూసుకుపోయి, మందంగా ఉంటుంది. కాసేపటికి నీకు తెలియకుండానే అంచు తేలుతుంది. నోట్లు (స్వరాలు) మారలేదు, ఫిల్టర్ నాబ్ (సౌండ్‌లో పై అంచుని మూసి తెరిచే బిరడా) ఒక్కటి వేలితో మెల్లగా తిరిగింది. మళ్లీ ఇంకో చోట అదే గీత నెమ్మదిగా లోపలికి పోతుంది. అప్పుడు ఖాళీ అయిన చోట హైహ్యాట్ (చిన్న తాళాల చప్పుడు) వినబడుతుంది, అది అంతకుముందు నుంచీ అక్కడే ఉంది, మనం వినలేదు. హుడ్ పనంతా ఇదే. కొత్తది తేడు, ఉన్నదాన్నే చూపిస్తాడు.

ఇక సామాను విషయం. ఆ కాలం డెట్రాయిట్ వాళ్లందరి దగ్గరా రోలాండ్ పాత మెషీన్లే. టీఆర్-909 డ్రమ్ మెషీన్ 1983ది, ఎస్‌హెచ్-101 సింథ్ 1982ది. కొత్తగా వచ్చినప్పుడు పెద్దగా అమ్ముడుపోలేదు, సెకండ్‌హ్యాండ్‌లో సస్తాగా దొరికేవి. 909లో కిక్ (దమ్మనే కింది డ్రమ్ము), స్నేర్ (టప్పనే డ్రమ్ము) అనలాగ్, అంటే సర్క్యూట్‌లోనే పుట్టేవి, హైహ్యాట్, సింబల్ మాత్రం రికార్డు చేసి చిప్‌లో పెట్టినవి. 101 ఒకసారికి ఒక్క నోటే పలుకుతుంది. ఒక్క నోటే పలికే మెషీన్‌తో పాట కట్టాలంటే మినిమల్ కాక ఏమవుతుంది చెప్పండి.

101 సీక్వెన్సర్‌లో (నోట్ల వరుస గుర్తుపెట్టుకుని తిప్పి తిప్పి వాయించే భాగం) 100 స్టెప్పుల దాకా ఎంత పొడవైనా పెట్టుకోవచ్చు. డ్రమ్ము 16 స్టెప్పులు, సింథ్ గీత 7 స్టెప్పులు పెట్టి వదలండి. రెండూ మళ్లీ ఒకే చోట కలవడానికి 112 స్టెప్పులు పడుతుంది, అంటే 7 బార్లు (16 స్టెప్పులు ఒక బార్). ఈలోగా ప్రతి బార్‌లోనూ కిక్ మీద వేరే నోటు పడుతుంది. మనం చేసింది రెండు చిన్న లూపులే, వినేవాడికి మాత్రం పాట మారుతూనే ఉంటుంది. ఫోన్‌లో ఉచితంగా దొరికే ఏ యాప్‌లో అయినా చేసి చూడొచ్చు.

కాజీపేట_జంక్షన్
లెక్కల సారు దిగిండు.

డప్పు_దరువు
@తొమ్మిదొందల_తొమ్మిది నువ్వు చెప్పింది మా ఇంట్లో చిన్నప్పటి నుంచి చూస్తున్నా. మా పెదనాన్న వాళ్లు డప్పు కొడతారు. ఊరేగింపులో ఒకే దరువు గంటసేపు నడుస్తుంది. పక్కనుండి చూసేవాళ్లకి ఒకటే అనిపిస్తుంది. కొట్టేవాళ్లకి తెలుసు, సన్నపుల్ల ఎక్కడ పడుతోంది, ఎవరు కొంచెం ముందుకు లాగుతున్నారు, డప్పు చల్లబడి గొంతు దిగిందా, మంట దగ్గర కాపాలా అని. హుడ్‌ని మొదటిసారి విన్నప్పుడు నాకు అదే గుర్తొచ్చింది, బోర్ మాట దేవుడెరుగు, ఇంటికొచ్చినట్టు ఉండింది.

మానేరు_ఒడ్డు
@డప్పు_దరువు ఇది నేను ఒప్పుకోను. ప్రతి దానికీ మన డప్పు లాంటిదే అనడం ఫ్యాషన్ అయిపోయింది. డప్పు మనిషి కొడతాడు, అలసిపోతాడు, చూసేవాణ్ణి బట్టి ఊపు పెంచుతాడు. మెషీన్ అలసిపోదు. హుడ్ గొప్పతనం ఆ అలసిపోకపోవడంలోనే ఉంది. మనిషి ఊపు కావాలంటే మెషీన్ సంగీతం ఎందుకు?

డప్పు_దరువు
మెషీన్ అలసిపోదు, ఫిల్టర్ తిప్పే వేలు మనిషిదే కదా. పైన ఆయన రాసింది చదివినవా?

మానేరు_ఒడ్డు
చదివిన. వేలు మనిషిదే, కాదనను. కానీ ఆ వేలు ఎంత తక్కువ తిరిగితే అంత మంచి రికార్డు. అందుకే నాకు ‘మినిమల్ నేషన్’ తర్వాత ఆయన చేసినవి ఒక్కో మెట్టు దిగుతూ వచ్చాయి. ఫ్లోర్‌ప్లాన్ అయితే పండగ జనం కోసం. గొంతు పెట్టు, ఆపు, మళ్లీ డ్రమ్ము వదులు, జనం చేతులెత్తుతారు. బరాత్‌లో డీజే చేసేది ఇదే.

కాజీపేట_జంక్షన్
బరాత్ డీజేని అనకు అన్నా. మా దోస్తు బరాత్‌లో నేను డీజే అన్నని బతిమాలి ‘మ్యూజియం’ పెట్టించా, ‘మినిమల్ నేషన్’లోది. పెండ్లికొడుకు మేనమామ దిగొచ్చి జనరేటర్ పోయిందా అని అడిగిండు. డీజే అన్న నన్ను బండి దగ్గరికి మళ్లీ రానియ్యలే.

తొమ్మిదొందల_తొమ్మిది
@కాజీపేట_జంక్షన్ నువ్వు ‘నెవర్ గ్రో ఓల్డ్’ పెట్టించాల్సింది. మేనమామ కూడా ఆడేవాడు.

ఫాతిమానగర్_కీస్
మానేరు అన్న మాటకి జవాబు చెప్పకుండా ఉండలేను. ఫ్లోర్‌ప్లాన్‌ని పండగ జనం సరుకు అనేవాళ్లు చర్చిలో కూర్చుని పాడి ఉండరు.

నేను ఆదివారం మా చర్చిలో కీబోర్డు వాయిస్తా. కేథడ్రల్ కాదు, దాని వెనక వీధిలో చిన్న ప్రార్థనా మందిరం. ఆరాధన ఊపందుకున్నాక ఒకే చరణం పదే పదే వస్తుంది. పాస్టరు చేత్తో ఇంకోసారి అని సైగ చేస్తాడు, ఇంకోసారి వాయిస్తాం. ఇంకోసారి. కార్డులు (కలిపి నొక్కే స్వరాల గుత్తులు) నాలుగే, మారవు. నాలుగోసారికి ఎవరో కళ్లు మూసుకుంటారు, ఇంకాసేపటికి ఏడుస్తారు. నేనేమీ కొత్తగా వాయించను. ఆ సమయంలో ఎక్కువ వాయిస్తే చెడిపోతుంది, తెలిసినవాళ్లు ఎడమ చేయి తీసేస్తారు. మినిమల్ అంటే ఏంటో నాకు అక్కడ తెలిసింది, రికార్డుల్లో కాదు.

హుడ్ కూడా పాస్టరే, ఈ సంగతి ఇక్కడ ఇంకా ఎవరూ అనలేదు. డెట్రాయిట్ వదిలి అలబామాలో పల్లె వైపు పోయి స్థిరపడ్డాడు, అక్కడ సేవకుడిగా అభిషేకం తీసుకున్నాడు. ఫ్లోర్‌ప్లాన్ పేరు తొంభైల్లోనే ఉంది, హౌస్ అనే ఇంకో రకం డ్యాన్స్ సంగీతం వైపు మొగ్గే ట్రాకులకి వాడేవాడు. దానికి సువార్త గొంతు గట్టిగా వచ్చింది తర్వాతే. 2013లో ‘ప్యారడైజ్’ ఆల్బమ్‌లో ‘వియ్ మ్యాగ్నిఫై హిజ్ నేమ్’, ‘నెవర్ గ్రో ఓల్డ్’ రెండూ ఉన్నాయి. 2016లో ‘విక్టోరియస్’ నుంచి ఆయన కూతురు లిరిక్ కూడా ఫ్లోర్‌ప్లాన్‌లో సగం. తండ్రీ కూతుళ్లు కలిసి స్టేజీ ఎక్కుతారు.

‘నెవర్ గ్రో ఓల్డ్’లో గొంతు అమెరికా గాయని అరీతా ఫ్రాంక్లిన్‌ది. ఆమె కూడా డెట్రాయిట్‌లోనే పెరిగింది, వాళ్ల నాన్న అక్కడ న్యూ బెతెల్ బాప్టిస్ట్ చర్చి పాస్టరు. ఆ పాట ఆమె టీనేజ్‌లో ఆ చర్చిలోనే పాడి రికార్డు చేసింది, 1972లో లాస్ ఏంజెలిస్‌లో ఇంకో చర్చిలో మళ్లీ పాడింది. హుడ్ ఆ గొంతులో చిన్న ముక్క తీసుకుని ఎన్ని మార్లు తిప్పాడో చూడండి. పాట మొత్తం వాడుకోలేదు. ఒక్క మాట దగ్గర ఆగి, దాన్నే పట్టుకున్నాడు. ‘మినిమల్ నేషన్’లో కీబోర్డు కార్డుతో చేసిందీ అదే. సామాను మారింది, పద్ధతి మారలేదు.

హంటర్‌రోడ్_రాత్రి
ఇది చదివి రెండూ పక్కపక్కన పెట్టి విన్నా. ‘మ్యూజియం’లో ఆ కార్డు, ‘నెవర్ గ్రో ఓల్డ్’లో గొంతు. @ఫాతిమానగర్_కీస్ నువ్వన్నది పట్టుబడింది. గొంతు ఉన్నచోట తిరిగే కొద్దీ నాకు ఇంకా కావాలనిపిస్తోంది, కార్డు ఉన్నచోట ఇంకా అంత రావట్లేదు. ఎందుకంటారు?

తొమ్మిదొందల_తొమ్మిది
గొంతుకి అర్థం ఉంటుంది కాబట్టి. కార్డుకి అర్థం నువ్వు పెట్టుకోవాలి.

వర్ధన్నపేట_గొంతు
ఒక మాట అడుగుతా, ఎవరూ ఏమీ అనుకోవద్దు. మా ఇంట్లో అందరం ప్రార్థనకి పోయేవాళ్లమే. దేవుణ్ణి స్తుతించే గొంతు తీసుకుని, రాత్రి రెండింటికి తాగి ఊగేవాళ్ల మధ్య పెట్టడం నాకు మింగుడుపడట్లేదు. పాస్టరే చేస్తే ఇంకా ఇబ్బంది. ఆ ట్రాక్ బాగోలేదని అనట్లేదు. బాగుంది, అదే నా బాధ.

మానేరు_ఒడ్డు
చూశారా, ఫ్లోర్‌ప్లాన్ మీద నాకు తోడు దొరికింది, కారణాలు వేరైనా.

ఫాతిమానగర్_కీస్
@వర్ధన్నపేట_గొంతు అక్కా, మా పాస్టరుకి వినిపించా. ఆయన చివరిదాకా విని, తప్పిపోయిన గొర్రె మందలో దొరకదు కదా, వెతుక్కుంటూ పోవాలి అన్నాడు. మా అమ్మకి వినిపిస్తే చెవులు మూసుకుంది. ఇద్దరూ ఒకే చర్చి. నేను దీన్ని తేల్చలేను. ఇందులో ఎగతాళి మాత్రం లేదు, అది నాకు గట్టిగా తెలుస్తుంది. ఎగతాళి చేసేవాడు గొంతుకి అంత చోటు వదలడు. వినండి, గొంతు వచ్చినప్పుడల్లా చుట్టూ ఉన్నవన్నీ పక్కకి తప్పుకుంటాయి.

వర్ధన్నపేట_గొంతు
చోటు వదిలాడన్నది ఒప్పుకుంటా. మిగతాది మీ అమ్మగారి పక్కన కూర్చుంటా.

గోదావరిఖని_మూడోషిఫ్ట్
మీరంతా చర్చి, బరాత్ అంటున్నారు, ‘మోటార్’ గురించి ఒక్కరూ అనలేదు. నాకు హుడ్ అంటే అదే.

‘నైట్‌టైమ్ వరల్డ్’ అని ఆయనది ఒక వరుస ఉంది. మొదటిది 1995లో వియన్నాకి చెందిన చీప్ అనే లేబుల్ నుంచి, రెండోది 2000లో, మూడోది 2012లో ‘మోటార్’ పేరుతో బెల్జియం లేబుల్ మ్యూజిక్ మ్యాన్ నుంచి. ఇవి ఆడడానికి కాదు, కూర్చుని వినడానికి. మొదటి దాంట్లో కీబోర్డు జాజ్ వాసనతో ఉంటుంది, డ్రమ్ము వెనక్కి పోతుంది. ‘మోటార్’ పూర్తిగా డెట్రాయిట్ గురించి. ఆ ఊరి మీద వచ్చిన ఒక బ్రిటిష్ డాక్యుమెంటరీ చూసి చేశాడు. ‘బ్లాక్ టెక్నీషియన్’, ‘అసెంబ్లీ’, ‘ఎ టైమ్ టు రీబిల్డ్’ అని ట్రాకుల పేర్లు. పేర్లు చదివితేనే ఫ్యాక్టరీ గేటు ముందు నిలబడ్డట్టు ఉంటుంది.

డెట్రాయిట్‌లో 1950లో 18 లక్షలకు పైగా జనం. 2010 నాటికి 7 లక్షల పైచిలుకు. కార్ల ఫ్యాక్టరీలు చాలావరకు పోయాయి, జనం పోయారు, 2013లో నగరమే దివాలా కోసం కోర్టుకెక్కింది. ‘మోటార్’ వచ్చింది దానికి ఏడాది ముందు.

మా దగ్గర బొగ్గు బాయిలోకి ఫోన్ తీసుకుపోనివ్వరు. రాత్రి షిఫ్ట్ దిగి, స్నానం చేసి, బస్సెక్కినాక ఇయర్‌ఫోన్స్ పెడతా. కిందున్నంతసేపు కన్వేయర్ చప్పుడు, ఫ్యాన్ చప్పుడు, అవి చెవిలోంచి ఒక్కసారిగా పోవు. అప్పుడు మాటలున్న పాట వింటే చిరాకు. ‘మోటార్’ పెడితే ఆ చప్పుడు పోకుండానే మెత్తబడుతుంది. ఎందుకో ఎవరైనా చెప్తే వింటా, చెప్పకపోయినా ఫరక్ లేదు.

ఓరుగల్లు_లూప్
@గోదావరిఖని_మూడోషిఫ్ట్ ఇది చదివి మా తాత గుర్తొచ్చాడు. ఆజంజాహి మిల్లులో మగ్గాల దగ్గర చేసేవాడు. 1934లో నిజాం పెట్టిన మిల్లు, వరంగల్‌లో సగం ఇండ్లకి దానితో ఏదో ఒక లెక్క ఉండేది. మూసేసినాక కూడా మా తాత మంచం పట్టె మీద వేళ్లతో మగ్గం లెక్క కొట్టేవాడు. చెయ్యి ఆగేది కాదు. ఎవరైనా అడిగితే కోపం. నాకు టెక్నో ఎందుకు ఎక్కిందని మా ఆవిడ అడుగుతుంది, ఏం చెప్పాలో తెలియక నవ్వుతా.

గోదావరిఖని_మూడోషిఫ్ట్
మీ తాతది హుడ్ కంటే పాత లేబుల్ అన్నా.

సుబేదారి_స్పీకర్
ఎవరూ అసలు సంగతి అడగట్లేదు. @హంటర్‌రోడ్_రాత్రి నువ్వు దేంట్లో వింటున్నావ్? ఫోన్ స్పీకరా, ఆ చిన్న బ్లూటూత్ డబ్బానా? చేతిలో పట్టే స్పీకరుకి కింది బాస్ పలికే దమ్ము లేదు. కిక్‌లో టక్ అన్న పైచప్పుడే వస్తుంది, కింద దమ్మని గుండెకి తగిలేది రాదు. మామూలు సినిమా పాటలో అది పోయినా గొంతు, వయొలిన్లు, కోరస్ ఉంటాయి, తెలియదు. హుడ్ ట్రాకులో ఉన్నవే నాలుగు. అందులో ఒకటి పోతే పాతిక శాతం పోయినట్టే. ముందు వైరున్న మంచి హెడ్‌ఫోన్ పెట్టుకుని విని, తర్వాత బోర్ అను.

హంటర్‌రోడ్_రాత్రి
మొదట ఇయర్‌ఫోన్సే, అవి ఫోన్‌తో పాటు వచ్చినవి. స్పీకర్ మా అక్కది, దాని మీద చెడుగా మాట్లాడితే ఇంట్లో అన్నం దొరకదు.

నల్లరికార్డు
సుబేదారి చెప్పిందాంట్లో నిజం ఉంది. రికార్డు మీద ఇంకా బాగుంటుంది అని చెప్పాలనుంది కానీ, మన దగ్గర కొనడం పెద్ద తలనొప్పి. ఒక ఆన్‌లైన్ షాపులో ‘వైర్ టు వైర్’ పాత కాపీ తెప్పించా. మే నెలలో వచ్చింది. ఎండలో ఏ గోడౌన్‌లో పెట్టారో, ప్లేటర్ మీద వేస్తే సూది పడవెక్కినట్టు లేస్తూ పడుతూ పోయింది. తిరిగి తీసుకోమంటే ప్యాకింగ్ విప్పారు కాబట్టి కుదరదన్నారు. విప్పకుండా ఎట్లా వినాలి? కస్టమ్స్‌కి కట్టింది అదనం. వేసవిలో ఎవరూ రికార్డులు తెప్పించకండి, ఇదొక్కటి గుర్తుపెట్టుకోండి.

కాజీపేట_జంక్షన్
రెండు గాజు పలకల మధ్య పెట్టి ఎండలో పెడితే సాఫవుతుందని ఎక్కడో చదివిన.

నల్లరికార్డు
వంకర పోయిందే ఎండకి. నీ వైద్యం నీ దగ్గరే ఉంచుకో.

మానేరు_ఒడ్డు
‘వైర్ టు వైర్’ మీద ఎవరూ మాట్లాడరు, మంచి ఆల్బమ్. పీస్‌ఫ్రాగ్ లేబుల్ నుంచి వచ్చింది. అందులో హుడ్ చేయి అంత బిగుసుకుపోయి ఉండదు, రాగం కొంచెం ఎక్కువే ఉంటుంది. ‘మినిమల్ నేషన్’ ఎక్కనివాళ్లకి, జాజ్ వైపు పోవడం ఇష్టం లేనివాళ్లకి మధ్యదారి ఇదే. నేను మెట్టు దిగింది అన్నానని అన్నీ చెడ్డవని కాదు.

తొమ్మిదొందల_తొమ్మిది
రికార్డు చేసి పెట్టుకోండి, మానేరు అన్న 1994 తర్వాతది ఒకటి మెచ్చుకున్నాడు.

ఓరుగల్లు_లూప్
మోనోబాక్స్ సంగతి? హంటర్‌రోడ్ మొదట్లోనే అడిగాడు, ఎవరూ పట్టించుకోలేదు.

తొమ్మిదొందల_తొమ్మిది
మోనోబాక్స్ నా ఇష్టం. హుడ్ పేరు మీద వచ్చే వాటికంటే చల్లగా, పొడిగా ఉంటుంది, మనిషి జాడ ఇంకా తక్కువ. 2003లో ‘మాలిక్యూల్’ అని ఆల్బమ్ ఉంది. ఇన్ని పేర్లెందుకు అన్నదానికి జవాబు కూడా ఇందులోనే ఉంది. పేరు మార్చితే ఏ డబ్బాలోంచి ఏం తీయాలో కొనేవాడికి తెలుస్తుంది. మోనోబాక్స్ అని ఉంటే గొంతు ఉండదు. ఫ్లోర్‌ప్లాన్ అని ఉంటే చేతులెత్తే ట్రాక్. హుడ్ అని సొంత పేరు ఉంటే మధ్యలో ఎటైనా. రికార్డుల షాపు కాలం నాటి అలవాటు, సెర్చ్‌లో వెతికే మనకి గజిబిజి అవుతోంది.

మానేరు_ఒడ్డు
అంత పద్ధతిగా ఏం లేదు. ‘ఒమేగా’ సొంత పేరు మీదే ఉంది, దాన్ని మోనోబాక్స్ అన్నా ఎవరూ కాదనరు.

గోదావరిఖని_మూడోషిఫ్ట్
‘ఒమేగా’ అంటే 2010దే కదా, ‘ది ఒమేగా మ్యాన్’ అనే 1971 నాటి సినిమా పట్టుకుని చేసింది? ఊళ్లో జనమంతా పోయి ఒక్కడు మిగిలిన కథ. అది కూడా డెట్రాయిట్ గురించే అని నా అనుమానం. ఆయన సినిమా చూసినా, డాక్యుమెంటరీ చూసినా చివరికి అక్కడికే వస్తాడు.

మానేరు_ఒడ్డు
ఇది బాగుంది. మళ్లీ వింటా ఆ మాట మనసులో పెట్టుకుని.

వర్ధన్నపేట_గొంతు
సొంత పేరు మీద ఈ మధ్యవి ఏమైనా ఉన్నాయా? గొంతు లేనివి.

నల్లరికార్డు
2017లో ‘ప్యారడైమ్ షిఫ్ట్’, డెక్‌మాంటెల్ నుంచి. 2020లో ‘మిర్రర్ మ్యాన్’, రీకిడ్స్ నుంచి. మొదటిది క్లబ్ కోసం నేరుగా కొట్టే రకం. రెండోది పూర్తిగా విన్నాక గానీ తేలదు, మధ్యలో సినిమా సంగీతంలా నెమ్మదించే చోట్లున్నాయి. ముందు రెండోది వినండి.

హంటర్‌రోడ్_రాత్రి
నేను వింటున్న వరుస ఇది: ‘మైనస్’, తర్వాత ‘ప్యారడైజ్’ మొత్తం, తర్వాత ‘మోటార్’, ఇప్పుడు ‘వైర్ టు వైర్’ సగంలో ఉన్నా. ‘మైనస్’లో ఫిల్టర్ తెరుచుకునే చోటు పట్టుకున్నా, 909 అన్న చెప్పినట్టే హైహ్యాట్ బయటపడింది, మస్తుంది. ‘మోటార్’ రాత్రి పూట బండి మీద హన్మకొండ నుంచి కాజీపేట దాకా పోతూ విన్నా, ఇయర్‌ఫోన్ ఒక చెవికే, తిట్టకండి. ‘మినిమల్ నేషన్’ దగ్గరికి మాత్రం ఇంకా పోలేదు. ఇందులో ఎవరికైనా అభ్యంతరం ఉందా?

మానేరు_ఒడ్డు
ఉంది. ‘మినిమల్ నేషన్’ ఎప్పుడు?

డప్పు_దరువు
ఆయన్ని తొందరపెట్టకు. మా ఊళ్లో దసరాకి రమ్మను, నిలబెట్టి దరువు వినిపిస్తా, తర్వాత ‘మ్యూజియం’ దానంతటదే ఎక్కుతుంది.

మానేరు_ఒడ్డు
మళ్లీ మొదలుపెట్టిండు.

తొమ్మిదొందల_తొమ్మిది
వింటే 2009లో ఎం-ప్లాంట్ మళ్లీ విడుదల చేసిన ‘మినిమల్ నేషన్’ విను. పాత యాక్సిస్ ప్లేటు నుంచి ఎవరో ఎక్కించిన ఫైళ్లు తిరుగుతుంటాయి, వాటిలో బాస్ చచ్చిపోయి ఉంటుంది. వాటిని విని బోర్ అంటే నేనూ నీ పక్షమే.

సుబేదారి_స్పీకర్
నేను ఇందాక చెప్పింది అదే కదా. ఎవరు వింటారు నా మాట.

కాజీపేట_జంక్షన్
హంటర్‌రోడ్ తమ్మీ, మీ అక్కకి ‘ప్యారడైజ్’ వినిపించినవా?

హంటర్‌రోడ్_రాత్రి
వినిపించా. స్పీకర్ తిరిగి ఇవ్వట్లేదు.